గేటు తెరిపించే పద్ధతి

ఫణీ,

ఈ చీటీ గేటుకే కట్టి వెళ్తున్నాను, ఎలాగూ నువ్వు లోపలికి రాలేవు. నాన్న మాత్రలు అయిపోయాయి, తెనాలి వెళ్తున్నాను. పిన్ని లోపల తోడుంది.

నాన్న మళ్ళీ రైల్వే గేటు డ్యూటీ ఎక్కాడు. రేపల్లె బండి వేళకి మన వీధి గేటు వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. పిన్నికి కూడా ఇవ్వడు. రిటైరై పదహారేళ్ళయిందని వాదించకు. సోమవారం లాగా గోడ దూకకు. ఎవడో గేటు దాటాడని నాన్న రిపోర్టు రాశాడు, కింద నేను సంతకం పెట్టాల్సి వచ్చింది.

బయటే నిలబడి నాన్న సెల్లుకి ఫోన్ చెయ్యి. "స్టేషన్ మాస్టర్ని, బండి వెళ్ళిపోయింది" అని చెప్పి స్టేషన్ వాళ్ళు గేటుకి గుర్తుగా ఇచ్చినట్టు ఏదో ఒక రెండంకెల నంబరు ఇవ్వు. పుస్తకంలో రాసుకుని, నీకు తిరిగి చదివి వినిపించి, అప్పుడు గేటు తీస్తాడు. నిన్నటి నంబరే ఇస్తే తియ్యడు. నిన్నటిది నలభై ఏడు.

అక్క

ఫోన్లో "నాన్నా" అని మాత్రం పిలవకు. మొన్న నేను పిలిచాను. "డ్యూటీలో ఉన్నానమ్మా, మా అమ్మాయి ఈ బండికే కాలేజీ నుంచి వస్తది, తర్వాత చెయ్యి" అని పెట్టేశాడు.