మిగిలిన మందు

కంబదూరు,
ఆగస్టు 24

ప్రియమైన నజ్మాకు,

సలాం. ఫోన్లో నువ్వు ఏడుపు ఆపుకుంటూ మాట్లాడితే నేను చెప్పాల్సినవన్నీ మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను.

మన నాలుగెకరాల్లో శెనక్కాయకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాయి. పోయిన వారం గొంగళిపురుగు పడితే వేపగింజల కషాయం మూడుసార్లు కొట్టాను. పక్క చేని రంగన్న గట్టు మీద నిలబడి ఒకటే నవ్వు. "ఏమప్పా నూరూ, పురుగుల్ని చంపుతాండావా, వాటికి టీ పోస్తాండావా?" అన్నాడు. శుక్రవారం నమాజుకు పోయి, మరుసటి పొద్దున చేలోకి వచ్చి చూస్తే ఆయన గట్టు వైపు ఎనిమిది సాళ్లలో ఒక్క పురుగు లేదు! కషాయం అంటే అదీ.

వచ్చే నెల, పురుగుమందు లేని పంటని కాగితం ఇచ్చే సర్టిఫికెట్ ఆఫీసరు నమూనా తీసుకుపోతాడు. మందు మానేసి ఇది మూడో ఏడు. కాగితం చేతికొస్తే మీ అంగడి మేడమే మన కాయలు నేరుగా కొంటానంది కదా. అప్పుడు నువ్వు బెంగళూరు షెడ్డులో ఎవరి కాయలో వొలవనక్కర్లేదు, ఇంటికి వచ్చేయొచ్చు. నేను ఉగ్గాని చేస్తే బొరుగులు ముద్దవుతాయని మన షాకీర్ రోజూ పోరు పెడుతున్నాడు.

నీ
నూర్ అహమ్మద్


బెంగళూరు,
సెప్టెంబరు 14

షాకీర్ నాయనకు,

ప్రేమతో సలాం. నీ కషాయం గొప్పలు షెడ్డులో ఆడవాళ్లందరికీ చదివి వినిపించాను.

నిన్న ఒకామె మా అంగట్లో కొర్రలు వాసన చూసి, "మీరు రోజూ ఇవే తింటారేమో, అదృష్టవంతులు" అంది. నా డబ్బాలో ఉన్నది రేషన్ బియ్యం, నీళ్ల చారు. మందు లేని తిండి మంచిదా, అంత ధర పెట్టొచ్చా అని కొనేవాళ్లు గంటసేపు వాదించుకుంటారు. నాకా వాదన అక్కర్లేదు. మూడేళ్ల కిందట మందు ట్యాంకు వీపున ఉండగానే నువ్వు సాళ్లలో పడి నురగ కక్కావు. రంగన్నే మోసుకొచ్చి ఆటోలో వేశాడు. ఇక మందు ముట్టనని ఆ రోజే నీతో ఒట్టు వేయించుకున్నాను. తినేవాళ్లకు ఏమవుతుందో నాకు తెలీదు. కొట్టేవాడికి ఏమవుతుందో కళ్లారా చూశాను.

ఒక్క మాట. ఈసారి ఒక సంచి ఇంటికి ఉంచు. పండిందంతా అమ్ముకుంటూనే ఉన్నాం. బిడ్డ మన చేని కాయలు కడుపునిండా తిన్నదే లేదు.

మీ ఉగ్గాని కోసమైనా తిరిగొచ్చే
నజ్మా


కంబదూరు,
డిసెంబరు 2

నజ్మా,

కాగితం రాలేదు. ఇన్ని రోజులు రాయనిది అందుకే. నమూనాలో మందు ఉందని తేలింది. ఖురాను మీద ప్రమాణం చేస్తానని ఆఫీసరు మీద అరిచాను. దొంగను చూసినట్టు చూశాడు.

రంగన్న ఇంటికి పోయి చెప్పుకుంటుంటే ఆయన ముఖం మాడిపోయింది. "నూరూ, నేనే కొట్టినా. ఆ శుక్రవారం నువ్వు నమాజుకు పోయిండావు. ట్యాంకులో రొంత మందు మిగిలిండె. నీ సాళ్లు పురుగు తినేస్తాంటే చూడలేకపోయినా" అన్నాడు.

ఏమనాలి చెప్పు? మిగిలిన మందు పారబోయకుండా పక్కవాడి సాళ్లకు కొట్టడం మన ఊరి మర్యాద. ఇదివరకు పదేళ్లు నేనూ ఆయన చేనికి కొట్టినవాడినే. నేను మందు మానేశానని చెప్పాను గానీ, నువ్వూ కొట్టొద్దని ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే ఆయన మంచితనాన్ని తోసేసినట్టుంటుందని నోరు రాలేదు. నన్ను బతికించిన మనిషే ముంచాడు. తిట్టను కూడా తిట్టలేకపోయాను, అదే నా మంట.

కాయలన్నీ మామూలు ధరకే కళ్యాణదుర్గం వ్యాపారికి వేశాను. పురికొస చాలక నీ పాత నీలం చీర అంచు చించి సంచుల మూతులు కుట్టాను, కోప్పడకు. ఇంటికని ఒక్క సంచి కూడా ఉంచలేకపోయాను. మళ్లీ మొదటి నుంచి మూడేళ్లట. రావొద్దు, ఆడే ఉండు.

నూర్


బెంగళూరు,
జనవరి 9

షాకీర్ నాయనకు,

మంగళవారం లారీ వచ్చింది. నా ముందు పడేసిన సంచి మూతికి నా నీలం చీర అంచు ఉంది. తక్కినవీ చూశాను. పదకొండూ మనవే.

మా అంగడి గౌతమి మేడం దగ్గరికి పోయి, "ఇవి మా చేని కాయలు మేడం, మందు తగిలిందని సర్టిఫికెట్ రాలేదు" అన్నాను. ఆమె గొంతు తగ్గించి, "వ్యాపారి సర్టిఫికెట్ చూపించాడు నజ్మా. నీకెందుకు?" అంది. మూడేళ్లు మందు ముట్టని నీకు దొరకని కాగితం, చేలో కాలు పెట్టని వాడికి దొరికింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. సాయంత్రం దాకా వాటిని నేనే వొలిచాను. పొట్లాల మీద 'మందు లేనివి' అనే ఆకుపచ్చ చీటీలు నేనే అంటించాను. నెలలు నిండిన ఒక అమ్మాయి పొట్లం తీసుకుని, "నమ్మొచ్చా అక్కా?" అంది. "నమ్మొచ్చమ్మా, మా ఆయన పండించినవే" అన్నాను. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.

ఇక ఈ పని నా వల్ల కాదు. ఆదివారం బస్సుకు వస్తున్నాను. కాగితం రాకుంటే పోనీ, నువ్వు మాత్రం మళ్లీ ట్యాంకు వీపునెత్తుకోవద్దు. రంగన్నతో నువ్వు చెప్పలేని మాట నేను చెప్తాను. ఆయనకు కోపమొస్తే రానీ.

షాకీర్‌కు తినడానికి మన శెనక్కాయ విత్తనాలు అరకిలో తెస్తున్నాను. నా జీతంలో కోసుకోమని అంగట్లో కొన్నాను. పొట్లం మీద చీటీ పీకేశాను. జిగురు మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు.

నీ
నజ్మా