కరపత్రంలో నాలుగో పేరా

మార్చి 14, శుక్రవారం. పొద్దుటి నుంచి ముసురు. రోలర్లు తుడిచిన గుడ్డలు ఉతికి వరండాలో ఆరేశాను. ఈ వానకి ఆరేట్టు లేవు.

చెల్లెమ్మకు,

అన్నయ్య ఆశీస్సులు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఇక్కడ మీ వదినా నేనూ క్షేమం. మర్యాదలు ఇంతటితో అయిపోయాయి. మిగతా ఉత్తరమంతా కోపమే. కూర్చుని చదువు.

నేను ఎవరికీ ఉత్తరాలు రాసేవాణ్ణి కాను, నీకు తెలుసు. ఏ రోజు ఏం పని చేశానో పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకుంటాను, అంతే. బడికి పోకుండా సీసపు అక్షరాలు ఏరుతూ చదువు నేర్చుకున్నవాడికి అంతకన్నా మాటలు రావు. అయినా ఇవాళ భోజనాల వేళ అన్నం మానుకుని రాస్తున్నాను. నన్ను అచ్చు వేయించి ఊరంతా పంచిపెడుతున్నావు కనుక.

మీ కళ్ళ ఆసుపత్రి కరపత్రం మా ప్రెస్సుకు వచ్చినప్పుడు, రాసింది మా చెల్లెలే, అక్కడ నర్సు, అని అందరికీ చెప్పుకుని మరీ ఆ పని అడిగి తీసుకున్నాను. మొదటి మూడు పేరాలు కూర్చుతుంటే ఎంత గర్వపడ్డానో! దగ్గరగా చూస్తూ పని చేసేవాళ్ళు ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడాలి, రెప్పలు ఆర్పుతుండాలి, వెలుగు పక్కనుంచి పడాలి, మురికి చేతులతో కళ్ళు నులుముకోకూడదు. ఎంత తేటగా రాసిందీ పిల్ల అనుకున్నాను.

నాలుగో పేరాలో నేనున్నాను.

నీకు తెలిసిన ఒక ప్రెస్సు కార్మికుడు ఉన్నాడట. సిరా గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంటాడట. కిరోసిన్ చిందుతున్నా రక్షణ అద్దాలు పెట్టుకోడట. పక్కింటివాళ్ళు వాడగా మిగిలిన చుక్కల మందు వేసుకుంటాడట. పక్కన పనిచేసే ఆవిడ కళ్ళజోడు అరువు తెచ్చుకుని చదువుతాడట. పరీక్షకు రమ్మంటే ‘నా కళ్ళు నాకు తెలీవా’ అంటాడట. పేరు రాయలేదు కదా అంటావేమో. పేరొక్కటే రాయలేదు తల్లీ. నా పరువు నేనే ఒక్కొక్క అక్షరం ఏరి కూర్చుకున్నాను. తప్పుల్లేకుండా కూర్చాను, అది నా ఖర్మ.

కళ్ళజోడు బైండింగ్ పని చేసే అక్కది. ప్రూఫు మొదట చదివింది ఆవిడే. ఆ కార్మికుడెవరో ఈ చుట్టుపక్కలే ఉన్నాడనిపిస్తోంది, నా జోడు తిరిగి ఇచ్చేస్తే వెతికిపెడతాను అంది. ప్రెస్సంతా నవ్వింది. యజమాని కూడా నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపాడు. కటింగ్ మిషన్ దగ్గర ఎవరు నిలబడుతున్నారో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కళ్ళు బాగున్నాయని కాగితం తెచ్చేదాకా కత్తి ముట్టుకోవద్దన్నాడు. ఇరవై రెండేళ్ళు, చెల్లెమ్మా. ఇన్నేళ్ళలో కాగితాల దొంతర ఒక్కటీ వంకరగా కోయలేదు. అలాంటివాణ్ణి కాగితాలు మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇదంతా నీ చలవే.

సరే, నువ్వు రాసిన ఆ మంచి అలవాట్లేమిటో చూద్దామని పంతం పట్టి తొమ్మిది రోజులు అన్నీ పాటించాను. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కిటికీలోంచి ఎదుటి మేడ వైపు చూశాను. మూడో రోజున ఆ మేడమీద ఆవిడ కిటికీ తలుపు వేసేసింది. ఇంట్లో రెప్పలు ఆర్పుతుంటే మీ వదిన, ఈ వయసులో ఎవరికి కన్ను కొట్టడం నేర్చుకుంటున్నారని అడిగింది. మొహానికి వేరే తువ్వాలు పెట్టుకున్నాను. రక్షణ అద్దాలు పెట్టుకున్నాను, చెవుల వెనక ఒరుసుకుపోయింది. ఒక్కరోజు తప్పలేదు. నా పుస్తకంలో అన్నీ ఉన్నాయి, కావాలంటే చూసుకో.

మంగళవారం నువ్వు సెలవులో ఉన్నావని తెలిసే మీ ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్ష చేసినావిడ ఒక కన్ను మూసి గోడమీది చార్టు చదవమంది, తరువాత రెండోది. రెండుసార్లూ ఆఖరి వరుస దాకా తడుముకోకుండా చదివాను. ఈ వయసులో ఇంత చూపు అరుదని ఆవిడే అంది. ధ్రువపత్రం జతచేశాను. ఇవాళ పొద్దున యజమాని కూడా చూశాడు, మళ్ళీ నన్ను కటింగ్ మిషన్ దగ్గరికి పంపాడు.

ఇప్పుడు నువ్వు చేయవలసింది ఒకటే. ఆ పేరా తీసేసి కరపత్రం మళ్ళీ అచ్చుకు ఇవ్వు. ఆ తరువాత మా ప్రెస్సుకు వచ్చి, అందరి ముందూ, మా అన్నయ్య గురించి తొందరపడ్డానని చెప్పు. అది జరిగేదాకా మీ ఇంటి గడప తొక్కను.

ఇట్లు,
పేరు రాయని కార్మికుడు,
నీ అన్నయ్య

తా.క. పై ఉత్తరం మధ్యాహ్నం రాశాను. ఇది సాయంత్రం రాస్తున్నాను. చింపేద్దామనుకున్నాను. కానీ చింపితే మళ్ళీ ఏమీ రాయనని నాకు తెలుసు.

ఆ ధ్రువపత్రం నమ్మకు. మీ గోడమీది చార్టు ఆరేళ్ళ కిందట కూర్చి అచ్చు వేసింది నేనే. మీ డాక్టరు మూడుసార్లు ప్రూఫు తిప్పి పంపితే అన్నిసార్లూ దిద్దింది నేనే. కళ్ళు రెండూ మూసుకున్నా పై నుంచి కిందికి చెప్పగలను. మంగళవారం ఎడమ కన్ను మూసుకున్నాక చెప్పింది అలాగే.

నీ కరపత్రంలో చివర ఒక మాట రాశావు. రోజూ ఒక కన్ను మూసి రెండోదానితో ఒకే వస్తువును చూడండి, తేడా ఉంటే తెలుస్తుంది అని. అది కూర్చుతూనే చెయ్యి ఆపి చూశాను. ఎడమ కన్ను మూస్తే గోడమీద గడియారం ఉంది, ముళ్ళు లేవు. ఆ సంగతి పుస్తకంలో రాయలేదు. నీ మీద కోపం మాత్రం ఆ క్షణం నుంచే మొదలైంది.

ఇవాళ మూడు గంటలకు దొంతర సర్ది మిషను మీట లాగబోతున్నాను. కాగితాలు సమంగా లేవని బైండింగ్ అక్క కుడిపక్కనుంచి చెయ్యి పెట్టింది. నాకు కనబడలేదు. మీట లాగాను, కత్తి దిగింది. ఆవిడే చెయ్యి లాక్కుంది. గోరంత తేడాలో తప్పింది.  నా మొహంలోకి చూసి, “అన్నా, నీకు నిజంగానే కనబడలేదు కదూ?” అంది.

కనబడలేదని చెప్పాను. యజమానికీ నేనే చెప్పాను, చార్టు సంగతితో సహా. ఆయన నవ్వలేదు.

సోమవారం సెలవు పెట్టి వస్తాను. ఈసారి నువ్వు డ్యూటీలో ఉండు. నేను అచ్చు వేయని చార్టు ఒకటి వెతికిపెట్టు.

కోపం ఇంకా పోలేదు. ఎవరి మీదో తేల్చుకోలేకుండా ఉన్నాను. పుస్తకం ప్రెస్సులో మరిచాను, ఇవాళ్టి పని ఈ కాగితం మీదే రాసుకుంటున్నాను, దాచి ఉంచు. శుక్రవారం. మడతలు ఎనిమిది వందలు. ప్రూఫు ఒకటి, అక్కకిచ్చి చదివించాను. కటింగ్ మిషన్ మీద మధ్యాహ్నం దాకా ఆరు దొంతరలు. ఆ తరువాత