పోయింది కండ్లే

1962 మార్చి 4, హిందూపురం
డాక్టరు తేల్చేసినాడు. గ్లకోమా. పోయిన చూపు రాదంట. ఇంగ టీచరు ఉద్యోగం లేనట్టే. తమ్ముడు గంగాధర నన్ను పెనుకొండ నుంచి వాళ్లింటికి పిలుచుకొచ్చినాడు. మంచోడే. ఆ మంచితనంతోనే చంపుతాండాడు.

మార్చి 11
మరదలు సిద్ధమ్మ ముద్దలు కలిపి నా చేతిలో పెడతాండాది. పోయింది కండ్లమ్మా, చేతులు కాదు అన్నా. ఏడ్చింది. మళ్లీ నేనే ఓదార్చాల్సొచ్చె.

మార్చి 19, మధ్యాహ్నం
ఎవరూ లేనప్పుడు పొయ్యి ముట్టించినా. పాలు పొంగినాయి, అంతే. గంగాధర వచ్చి అగ్గిపెట్టెను బీరువాలో పెట్టి బీగం ఏసినాడు. నలభై నాలుగేండ్ల మనిషిని. అగ్గిపెట్టె అడుక్కోవాలంట!

ఏప్రిల్ 2
నాతో పనిచేసిన టీచరొకామె, నాకు పనులు నేర్పమని మరియమ్మ అనే ఆమెను పంపింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ధర్మవరంలో ఒంటిగా ఉంటాదంట. వచ్చీ రాకనే, "ఏమమ్మా, కూచుంటే ఒళ్లు పెరుగుతాది గానీ కండ్లొస్తాయా" అనె.

ఏప్రిల్ 3
ఎంత నిండిందో తెలిసేదానికి గ్లాసు లోపల వేలు పెట్టి కాఫీ పోసుకోవాలంట. కాలింది. చన్నీళ్లతో నేర్పొచ్చు కదా అంటే, నువ్వు తాగేది కాఫీ కదా అనె. ఈమెకు దేవుడు జాలి పెట్టనే లేదు.

ఏప్రిల్ 20
ఇన్నాళ్లూ వరస మీద వరస రాసింటా. ఇప్పుడు మరియమ్మ ఇచ్చిన, వరసకొక సందు కోసిన అట్టలో పెన్ను పెట్టి రాస్తాండా. కర్ర పట్టుకొని బజారుకు పోయినా. ఎద్దులబండికి తగులుకొంటి. ఎవరో పాపం అన్యారు. ఆ మాటకంటే బండే నయం.

మే 6, పెనుకొండ
నా ఇంటికి వచ్చేసినా. నేను బస్సెక్కేదాకా గంగాధరతో తగువే. అక్కను తరిమేసినాడంటారు జనాలు, అన్నాడు. నేనే పారిపోతాండానని చెప్పుకో పోరా అన్నా. కండక్టరు నన్ను మూట మాదిరి ఎత్తబోయినాడు. వానికీ తిట్లు పడినాయి. మరియమ్మ కొన్నాళ్లు నాతోనే ఉంటాదంట. ఎట్ల భరించేది?

మే 24
మరియమ్మ ధర్మవరం పోయింది. అన్నం మాడింది. ఎవరి మీద అరవాల?

ఆగస్టు 12
గంగాధర వచ్చినాడు. నాకు సాయమని వంటింట్లో డబ్బాలన్నీ సర్దిపెట్టినాడు! చక్కెర అనుకొని ఉప్పేసి వానికే కాఫీ ఇచ్చినా. గ్లాసంతా తాగినాడు; నాది నోట్లో పోసుకొన్నంకే నాకు తెలిసె. బాగా తిట్టినా. తిట్టేది అయినంక మెల్లగా అడిగె: "అక్కా, లాంతరు చుట్టూ రంగుల వలయాలు కనపడతాండాయి. నీకూ మొదట్లో ఇట్లే ఉండెనా?"

ఆగస్టు 13
హిందూపురం ఆస్పత్రికి వాన్ని నేనే పిలుచుకొని పోయినా. జబ్బు అదే గానీ టైముకు వచ్చినారు, చూపు నిలబెట్టొచ్చు అన్నాడు డాక్టరు. బయటికొచ్చి వాడు నా చెయ్యి పట్టుకొన్యాడు. ఈసారి నేను కసురుకోలేదు.