జెంపి చేతిలో ఖాళీ సీసా

ఎక్తర్నాఖ్, లక్సెంబర్గ్
ఏప్రిల్

ప్రియమైన తమ్ముడు జెంపికి,

మన పక్కింటి టిల్లీ పిన్ని నువ్వుండే ఎష్‌కు వచ్చి నిన్ను చూసిందట. పట్టపగలు, చేతిలో బీరు సీసా, నడక అటూ ఇటూనట. ఆదివారం ఫాదర్ గారు నీ కోసం ప్రార్థన చేయించారు. పేరు చెప్పలేదు, "ఎష్‌కు వెళ్ళిన మన బేకరీవాళ్ళ అబ్బాయి" అన్నారంతే. ఇక పేరెందుకు?

నిజం రాయి.
నీ అక్క, లియోని

ఎష్, మే

అక్కా,

సీసా ఖాళీది. నాకు హెచ్‌ఐవీ అని మన ఊళ్ళో నీకొక్కదానికే తెలుసు. మందులకి వైరస్ అదుపులోనే ఉంది, కానీ ఎప్పుడో మెదడును తాకిందట. మాటలు మరిచిపోతున్నాను. మలుపు తిరగాలంటే తూలుతున్నాను. డాక్టరమ్మ కర్ర పట్టుకోమంది. కర్ర పట్టుకుంటే "ఏమైంది?" అంటారు. సీసా పట్టుకుంటే ఎవరూ ఏమీ అడగరు.

పెంతెకొస్తు మంగళవారం గంతుల ఊరేగింపుకు నేను రాను. ఒకరి రుమాలు కొస ఒకరు పట్టుకుని గంతులెయ్యాలి కదా, నేను పడితే నాన్న నిలబెట్టిన వరుసంతా పడుతుంది.
జెంపి

ఎక్తర్నాఖ్, మే

ప్రియమైన తమ్ముడూ,

తాగుబోతువి కానందుకు దేవునికి స్తోత్రం.

ఆ రోజు ఊరంతా ఎడమకో గంతు, కుడికో గంతు వేస్తూనే చర్చికి పోతుంది. తిన్నగా నడిచేవాడే వింతగా కనిపిస్తాడు. నీ తెల్ల చేతిరుమాలు ఇస్త్రీ చేశాను. ఒక కొస నేను పట్టుకుంటాను.
అక్క

ఎష్, జూన్

ప్రాణంతో సమానమైన అక్కా,

కాలి వాపు తగ్గిందా? ఊరేగింపులో రాళ్ళ మీద జారింది నువ్వు. రుమాలు కొస వదలకుండా నిలబడింది నేను! ఆ మేళం దెబ్బకి నా కాళ్ళు వాటంతటవే కుదురుకున్నాయి.

నిన్ను అంబులెన్సు ఎక్కించాక, వరుసలో నాకు అటుపక్కనున్న టిల్లీ పిన్ని, "ఏరా జెంపీ, ఇవాళ చుక్క పడలేదా? భలే నిలబడ్డావే!" అంది. అందరూ నవ్వారు. ఆ మాట ఇంక మొయ్యలేకపోయాను.

"నేను తాగను పిన్నీ. నాకు హెచ్‌ఐవీ. అది మెదడును తాకింది, అందుకే తూలుతాను."

మేళం సాగిపోతోంది, మన వరుస మాత్రం ఆగింది.

"ఓరి నీ! బీరు మాన్పించమని రోజూ మోకాళ్ళ మీద ప్రార్థించానే! అదంతా వృథాయేనా?" అంది. తర్వాత మా మధ్యనున్న రుమాలు వదిలేసి నా చెయ్యే పట్టుకుంది.

కర్ర కొన్నాను.
జెంపి

ఎక్తర్నాఖ్, జూన్

ప్రియమైన తమ్ముడూ,

వృథా కాలేదని పిన్నితో చెప్పాను. సీసా వదిలావుగా.

డాక్టరు నాకూ కర్ర ఇచ్చాడు. వీధిలోకి వెళ్తే చాలు, "ఏమైంది లియోనీ? ఈ వయసులో గంతులేంటి?" అని ఒకటే గోల. దేవుడు నాకు ఓర్పు ఇచ్చాడు గానీ ఇంత గోలకు సరిపడా ఇవ్వలేదు.

ఆ ఖాళీ సీసా పారేయకు. నాకు పంపు.

నీ క్షేమం కోరే
అక్క లియోని