పిండినల్లికి పెళ్లి కాకుండా

ఏప్రిల్ 3, ఉదయం 6.00
నా భార్య గట్టమ్మ తొర్రూరు బస్సెక్కింది. మా అమ్మాయి తేజస్వినికి రెండో కాన్పు. ఎక్కేముందు నాకు రెండు పనులు అప్పజెప్పింది. ఒకటి: కాన్పు సుఖంగా జరగాలని రోజూ చీమలకు గుప్పెడు బెల్లం నూకలు వేయాలి. రెండు: పెరట్లో మందారం. కొడకండ్లలో వాళ్లమ్మ ఇచ్చిన కొమ్మ అది. ఆవిడ ఇప్పుడు లేదు. పుట్టింటి గుర్తు ఇదొక్కటే మిగిలింది. దానికి పిండినల్లి పురుగు పట్టింది. కొమ్మల సందుల్లో పిండి చల్లినట్టు తెల్లగా ఉంది.

"మందు గొట్టకు. గా ఆకు నేను తలకు రుద్దుకుంట," అంది.

మాటిచ్చాను. చుక్క మందు లేకుండా, రోజూ ఆరింటికి చేత్తో నలిపేస్తాను. చెల్పూర్ కరెంటు ప్లాంటులో బొగ్గు మిల్లులను దారికి తెచ్చి రిటైరైనవాణ్ని. నల్లి ఎంత!

6.40: చంపినవి 112!!

ఏప్రిల్ 4
ఫోన్‌లో వీడియో చూశాను. ఆడదానికి రెక్కలుండవు. కొమ్మను పట్టుకునే బతుకుతుంది. దూది సంచి లాంటిది కట్టి, అందులో వందల గుడ్లు పెడుతుంది. మగదానికి రెక్కలుంటాయి గానీ నోరుండదు. తిండీ లేదు. రెండు మూడు రోజుల్లో పెళ్లి చేసుకుని చచ్చిపోతుంది.

గుట్టు దొరికింది! మగవాటిని పట్టేస్తే పెళ్లిళ్లే ఉండవు. పసుపు అట్టకు ఆముదం పూసి కొమ్మకు కట్టాను.

గట్టమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మగదానికి నోరుండదా? గా ఆడదాని నసీబు మంచిగున్నది," అంది.

ఏప్రిల్ 6
అట్టకు నాలుగు అంటుకున్నాయి. దోమలో సగం లేవు. భూతద్దం పెట్టి చూశాను. పాపం, పెళ్లికి బయల్దేరినవే. జాలిపడకూడదు.

బెల్లం నూకలు మందారం మొదట్లోనే వేస్తున్నాను. ఒకే కుర్చీలో కూర్చుని రెండు పనులు! చీమలు బారులు తీరి కొమ్మలెక్కుతున్నాయి. నల్లిని తినడానికే అయ్యుంటుంది. రేపటి నుంచి రెండు గుప్పిళ్లు.

ఏప్రిల్ 9
నడుం నొప్పి. నలపడం రేపు. చీమలున్నాయిగా.

ఏప్రిల్ 10
పొద్దున కరెంటు పోయింది. చేత్తో నలపడానికి కరెంటెందుకని ఎవరూ అడగకూడదు.

ఏప్రిల్ 14
ఆకులు ముడుచుకున్నాయి. మొగ్గలు రాలాయి. తెలుపు రెండింతలైంది.

పక్కింటి సీతాబాయి గోడ మీదుగా చూసింది. ఏళ్ల తరబడి పత్తి చేను చేసిన మనిషి.

"అన్నా, చీమలకు బెల్లం గీడ ఏస్తున్నవేంది?"

"నల్లిని తింటాయని."

"తినుడు గాదు, కాసుడు! నల్లి తియ్యటి నీళ్లు ఇడుస్తది. గవి తాగెతందుకు చీమలు దాన్ని బర్రె లెక్క సాదుతయి. పిల్లల్ని మోస్కపోయి కొత్త కొమ్మ మీద పెడ్తయి."

"మగవాటిని పట్టాను కదా!"

"ఒక్కటి తప్పించుకున్నా సాలు. కొన్ని రకాలల్ల మగది లేకున్నా పిల్లలైతయి."

పెళ్లిళ్లు ఆపుతున్నాననుకున్నాను. విందులు పెట్టింది నేనే.

ఏప్రిల్ 15, 11.00
మందు కొట్టాను. రాసేశాను, ఇక దాచేదేముంది? నల్లి ఒంటిమీది మైనం మీంచి చుక్కలన్నీ జారిపోయాయి. మాటా పోయింది, నల్లీ పోలేదు.

ఏప్రిల్ 17
మనవరాలు పుట్టింది! తల్లీబిడ్డా క్షేమం. చీమలు ఆ మాట మాత్రం నిలబెట్టాయి.

"నా మందారం ఎట్లున్నది?" అని అడిగింది గట్టమ్మ.

"బాగుంది," అన్నాను. ఫోన్ పెట్టాక సిగ్గేసింది.

ఏప్రిల్ 19
ఒక్క ఆకు లేదు. సీతాబాయి కత్తి ఇచ్చి, "మోకాలెత్తుల కొట్టెయ్ అన్నా, మట్టిల ఏరు బతికే ఉన్నది," అంది. నరికాను. కొమ్మలు కాల్చేశాను. ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 23
గట్టమ్మ వచ్చింది. చేతిలో సంచితోనే పెరట్లోకి నడిచింది. మోడును చూసి నిలబడిపోయింది. అంతా చెప్పేశాను, మందుతో సహా.

వంగి గోటితో మోడును గీకింది. లోపల పచ్చగా ఉంది.

"కొమ్మ ఇచ్చిన మా అవ్వ గుడ గిట్లనే కొట్టేసేది. మళ్ల సిగురు పెడ్తది," అని కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు గుడ నోరు లేకుంటే మంచిగుండు. బాగుందని అబద్ధమన్న ఆడకపోతుంటివి."

మే 2, ఉదయం 6.00
చిగురు! రెండాకులు! వాటి సందులో ఒక తెల్లచుక్క.

ఈసారి దాచలేదు. గట్టమ్మను పిలిచి చూపించాను. ఈ రోజు నుంచి చుక్క మందు లేదు. రోజూ ఆరింటికి చేత్తోనే. చీమలకు బెల్లం వీధి గుమ్మం దగ్గర.

గట్టమ్మ ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసుకుంది. "నువ్వు నలుపు. నేను లెక్కపెడ్త," అంది.

6.10: చంపినవి 1.