చేనుకు పెట్టిన ముద్ద

రాయచూరు జిల్లా, గిల్లేసూగూరు దగ్గర క్యాంపు నుంచి

నాన్నగారికి, మీ రత్నం పాదాలంటి దణ్ణం పెట్టి రాసుకునే సంగతులు.

ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పాపా, మొన్న ఈనిన గేదే అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? తమ్ముడికి దగ్గు తగ్గిందా? చలి గట్టిగానే ఉంది గానీ మీరు బెంగపడకండి, బాగానే ఉన్నాం. మొదటి పంట వడ్లు రాయచూరు మిల్లుకు తోలారు. రెండో పంటకు నారుమడి కట్టారు.

మీ ఉత్తరం అందింది. దసరాకు వచ్చి వెళ్లిన తమ్ముడు, పాప నోట ఇక్కడివాళ్ల తెలుగు, "ఏంది, గిట్ల" అనే మాటలు వస్తున్నాయని మీకు చెప్పేశాడన్నమాట. వాడి నోట్లో నువ్వుగింజ నానదు! మనది వేల ఏళ్ల నాగరికత అనీ, ఇక్కడికి ఇప్పుడిప్పుడే కాలువతోపాటు నాగరికత వస్తోందనీ, మాఘమాసంలో తమ్ముడిని పంపుతాను, పాపను పంపెయ్యమనీ రాశారు. నిజం చెబుతున్నాను, మొదట సరేననుకున్నాను. సాయంత్రమైతే పలకరించే దిక్కులేక నాకే ఏడుపొచ్చేది. పిల్లయినా మీ దగ్గర పెరగనీ అని దాని గౌన్లు ఉతికి పెట్టెలో సర్దాను కూడా.

ఇంతలో అమావాస్య వచ్చింది. వీళ్లు ఎళ్ల అమావాస్య అంటారు, ఎళ్లంటే నువ్వులట. పొద్దున్నే హనుమమ్మ గంప నెత్తిన పెట్టుకుని, కోడలిని వెంటేసుకుని మా చేలోకి వచ్చింది. మాకు ఈ భూమి అమ్మినవాళ్ల పెద్దావిడ. నీరెక్కని మెరక ముక్కలో మేం జొన్న వేశాం, తిన్నగా అక్కడికే వెళ్లింది. జమ్మిచెట్టు కింద ఏదో వెతికింది.

"మా ఐదుగురేరి బిడ్డా?" అంది.

"ఎవరు పెద్దమ్మా?"

"గీడ కూసోని ఉండేటోళ్లు. పాండవులు."

మీ అల్లుడు తూము వైపు చూశారు. బోదె తూముకు రాళ్లు చాలక చెట్టు కింద ఉన్న అయిదు రాళ్లనీ పెరికి అక్కడ పేర్చింది ఆయనే. ఆయన సంగతి మీకు తెలుసుగా, చదును చేయటం మొదలుపెడితే రాయీ రప్పా ఏదీ కంటికి ఆనదు. మన వైపు నుంచి వచ్చిన ఈ క్యాంపు వాళ్లందరికీ అదే జబ్బు.

"దేవుండ్లను బురదల తొక్కిండ్రు! వీళ్లకేం తెలుస్తది?" అని కోడలు ఇంతెత్తున లేచింది. ఆయన గునపం తీసుకుని తూము దగ్గరికి పరుగెత్తి రాళ్లు పెకలించబోయారు. ముసలామె వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఆగు కొడుకా. తీస్తివా, నీ నారుమడి నీళ్లన్నీ పోతయి. ఉండనీ, ఆడనే ఉంటరు."

అని కాలువ గట్టున అయిదు రాళ్లు ఏరుకొచ్చి, కడిగి, సున్నం పూసి చెట్టు కింద నిలబెట్టింది. నేను ఊరుకోలేక, "ఇవి కొత్తవి కదా పెద్దమ్మా, మొక్కొచ్చా?" అన్నాను.

"మా అత్త గూడ ఎప్పటికీ గవే రాళ్లకు మొక్కలే. వానకు కొట్టుకపోతే మల్ల ఏరుకొచ్చేది. ముద్ద పెట్టుడు ఆపొద్దు, గంతే."

జొన్న పాలు పోసుకునే వేళ చేను కడుపుతో ఉన్నట్టట. మనం కడుపుతో ఉన్న ఆడపిల్లకు పెట్టినట్టే, నువ్వులద్దిన సజ్జరొట్టె, వంకాయ కూర, పప్పుల కూర ముద్దలు చేసి చేనంతా చల్లారు. ముసలామె ఒక ముద్ద పాప చేతిలో పెట్టింది. అది జొన్నల మధ్య పరుగెడుతూ "తిను తల్లీ, కడుపునిండ తిను" అని ఆమెతో సమానంగా అరిచింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి, మొదటి రొట్టె మీ అల్లుడికే వడ్డించింది. నేను తెచ్చిన గోంగూర పచ్చడి నాలుకకు తగలగానే "అబ్బో, పులుపు!" అని మొహం చిట్లించి, మళ్లీ అడిగి వేయించుకుంది. ఇక్కడికి వచ్చాక నేను మనసారా నవ్వింది ఆ రోజేనండీ.

"అమ్మేసిన భూమికి ఇంకా ఎందుకు పెద్దమ్మా?" అని అడిగాను.

"అమ్మితే ఆకలి కాదా దానికి?" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇక్కడికి వచ్చేముందు మనం మన కాలువ కింద ఎకరం అమ్మేశాం. దాని మొహం మళ్లీ ఎవరైనా చూశామా? మనది తక్కువని అనను. నేల చదును చేసి నీరు పెట్టడం మనవాళ్లకే చేతనవును, ఆ మాట హనుమమ్మే అంటుంది. కానీ నాన్నగారూ, ఇక్కడ నాగరికత ఇప్పుడే దిగుతోందని మాత్రం రాయకండి. నాకు కోపం వస్తుంది.

పాపను పంపను. పెట్టెలోంచి గౌన్లు తీసేశాను. తమ్ముడిని మాత్రం పంపండి. వాడి చేత పలకా, తెలుగు అక్షరాల పుస్తకమూ, గోంగూర విత్తనాలూ పంపండి. బళ్లో కన్నడం నేర్చుకుంటుంది, తెలుగు నేను దిద్దిస్తాను. "ఏంది" అంటే అననివ్వండి.

నన్ను కోప్పడకుండా మా ముగ్గుర్నీ దీవించండి. అమ్మకూ, పెదనాన్నగారికీ నా నమస్కారాలు. చివరగా ఒక్క కోరిక. వీలు చూసుకుని ఆ అమ్మిన ఎకరం గట్టు దాకా వెళ్లి, ఒక ముద్ద అన్నం పెట్టి రండి. కొన్నవాళ్లు ఏమిటని అడిగితే, మనవరాలు పెట్టమందని చెప్పండి.

మీ కూతురు
రత్నం