బామ్మర్ది డైవ్ కంప్యూటర్

శనివారం రాత్రి, తాండూరు

అసూయ మీద ఊరూరా వాక్యం చెప్పే మనిషివి, బామ్మర్ది చేతికున్న డైవ్ కంప్యూటర్ చూసి నీకెందుకు కడుపు మండింది?

పొద్దున నీళ్లు నిండిన నాపరాయి గనిలో అడుగుదాకా దిగి, మునిగిన రెండు మోటార్లలో ఒకదానికి తాడు కట్టింది నేను. బామ్మర్ది సుధాకర్ పైఅంచునే ఉన్నాడు, నీళ్లలోకి దిగనే లేదు. అయినా గనివాళ్లంతా వాడి మణికట్టుకు గడియారంలా ఉన్న ఆ కంప్యూటర్ చుట్టే మూగారు. రెండోసారి దిగితే అడుగున ప్రమాదం లేకుండా ఎంతసేపు ఉండొచ్చో చూస్తే, నా పాత డైవింగ్ పట్టిక పది నిమిషాలే ఇచ్చింది. వాడి కంప్యూటర్ అరగంట చూపింది. అడిగి నా చేతికి కట్టుకున్నాను.

"బావా, పొద్దున నువ్వు ఎంత లోతుకు పోయినవో గా డబ్బకు తెల్వది. అది దిగని నా ఒంటి లెక్క. నీ పట్టికే సూస్కో," అన్నాడు.

"వాక్యం చెప్పెటోనికే బోధ చేస్తున్నవా రా?" అన్నాను. అడుగున అరగంట ఉండి రెండో మోటారుకూ తాడు కట్టి వచ్చాను. అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం నుంచి భుజం లోపల ఒకటే నొప్పి. వేళ్లు తిమ్మిరెక్కాయి. బరువు లాగినందుకని ఇంట్లో చెప్పాను. లేఖనం తెరిస్తే ఒక్క మాటా మనసుకెక్కలేదు. వాడి మాటే నిజమైందని ఒప్పుకోవడం కన్నా ఈ నొప్పే నయమనిపిస్తోంది...

లోతున ఎక్కువసేపు ఉన్నందుకు ఒంట్లో చేరిన గాలిబుడగలు నీ పరువు కోసం ఆగవు. పెన్ను కింద పెట్టు. ఇప్పుడే పక్క గదిలో పడుకున్న సుధాకర్‌ను లేపు, జరిగింది చెప్పు, ఆక్సిజన్ పెట్టించుకుని ఆసుపత్రికి బయలుదేరు.